ముందు చెవులు, తర్వాత మెడ: జీతం మొదలైన అమ్మాయి నగలు ఎలా కూర్చుకోవాలి

నా కూతురి వయసుదానివి, అందుకే నువ్వు అనే రాస్తున్నానమ్మా, ఏమీ అనుకోకు. నీకు ఇరవై నాలుగేళ్ళు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. చేతిలో లక్షన్నర ఉంది, నెలకి ఎనిమిది వేలు పక్కన పెట్టగలనన్నావు. సొంత బంగారం అంటే చిన్నప్పుడు చెవులు కుట్టించినప్పటి బుల్లి కమ్మలే, అవి కూడా మర అరిగిపోయి పెట్టెలో ఉన్నాయి. అమ్మేమో పెళ్ళికి పనికొస్తుంది, హారానికి కట్టమంటోంది. ఫ్రెండ్స్ డైమండ్ దుద్దులు అంటున్నారు. పక్క సీటు అమ్మాయి అసలు బంగారమే దండగ, వన్ గ్రామ్ గోల్డ్ చాలంటోంది. ముగ్గురి మధ్య నీకు టెన్షన్, ముందు ఏం కొనాలో చెప్పమని నాకు రాశావు.

మా నాన్నగారిది కంసాలి పని. కుంపటి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న ఆయన పక్కనే పెరిగాను. తర్వాత విజయవాడలో ఒక షోరూమ్ కౌంటర్లో ఇరవై ఒక్కేళ్ళు నిలబడ్డాను. ఇప్పుడు తమ్ముడితో కలిసి రిపేర్ల షాపు చూసుకుంటున్నాను. కౌంటర్లో ఉన్నన్నాళ్ళూ జనం ఏం కొంటారో చూశాను. రిపేరు బల్ల దగ్గర కూర్చున్నాకే వాళ్ళు ఏం పెట్టుకుంటారో తెలిసింది. ఈ రెండింటికీ పొంతనే లేదు. హారాలు రిపేరుకి రావు. లాకర్లో ఉన్నది ఎందుకు తెగుతుంది? మా బల్ల మీదకి వచ్చేవన్నీ దుద్దులు, సన్న గొలుసులు, ఉంగరాలు, పట్టీలు. అంటే ఆడపిల్ల ఒంటి మీద ఏడాది పొడుగునా ఉండేవి అవే. నీ డబ్బు ముందు వాటికి వెళ్ళాలి.

మొదట చెవులు. జీన్స్ వేసుకున్నా, చీర కట్టుకున్నా, మీటింగులో కెమెరా ముందు కూర్చున్నా కనిపించేది చెవే. పైగా నకిలీ సరుకుని ముందు తిరగ్గొట్టేది కూడా చెవే. ఫ్యాన్సీ దుద్దుల్లో కలిసే నికెల్ చాలామందికి పడదు. దురద, ఎర్రబడటం, నీరు కారడం మొదలవుతాయి. నీకూ ఫ్యాన్సీవి పెడితే దురద వస్తోందని రాశావు, అది అదే అయ్యుండవచ్చు. కాబట్టి రోజూ ఉండే జత బంగారంలోనే తీసుకో. జత మొత్తం మూడు, నాలుగు గ్రాములు చాలు. ఒక్కోటి రెండు గ్రాములు దాటితే రోజువారీకి బరువే. నిద్రలో కూడా తీయని దుద్దు బరువు నీకు తెలియకపోయినా చెవి తమ్మెకి తెలుస్తుంది. యాభై దాటిన వాళ్ళు రంధ్రం సాగి గీతలా అయిపోయిన చెవులతో మా దగ్గరికి వస్తుంటారు, ఏం చేయమంటారని. మేం చేసేదేముంది, డాక్టరు దగ్గర కుట్లు వేయించుకోమంటాం.

దుద్దు కొనేటప్పుడు ముందు చూడటం కాదు, తిప్పి వెనక చూడు. నొక్కుడు సీల వద్దు, మర సీలే తీసుకో. నొక్కుడు రకం దుపట్టాకో, హెల్మెట్‌కో తగిలి ఎక్కడో రాలిపోతుంది, ఒక్కటే మిగులుతుంది. ఒంటి దుద్దుకి జోడీ చేయించమని వచ్చేవాళ్ళు మాకు వారానికి ఇద్దరైనా ఉంటారు. మర రకంలో కూడా కాడ సన్నగా ఉందా, దిట్టంగా ఉందా చూడు. 22 క్యారెట్ బంగారం మెత్తన, రోజూ తీసి పెడుతుంటే మర నాలుగైదేళ్ళకి అరుగుతుంది. షాపులోనే నీ చేత్తో నువ్వు మూడుసార్లు బిగించి విప్పి చూడు. అడ్డంగా పట్టుకుంటే అప్పుడే వద్దను.

ఆ తర్వాత మెడకి ఒక గొలుసు. ఆరు నుంచి ఎనిమిది గ్రాములు, పద్దెనిమిది లేదా ఇరవై అంగుళాలు. ఇక్కడ మన రెండు ప్రాంతాల లెక్క గొడవ ఒకటుంది. నువ్వు తులం అంటావు, మేం కాసు అంటాం. ఇప్పటి వ్యాపారంలో తులం అంటే 10 గ్రాములు, కాసు అంటే 8. పాత కాలపు తులం పదకొండున్నర గ్రాముల పైమాటే. అమ్మమ్మలు చెప్పే తులాలకీ ఇవాళ్టి తులాలకీ తేడా అక్కడొస్తుంది. షాపులో ఏ మాటా వాడకు, గ్రాముల్లోనే మాట్లాడు.

గొలుసులో డొల్ల, గట్టి అని రెండు రకాలు. లావుగా కనిపించి తేలిగ్గా తూగిందంటే లోపల డొల్ల. ఫోటోలో బాగుంటుంది, కానీ ఒకసారి నొక్కుకుపోతే మళ్ళీ గుండ్రం కాదు. తెగితే మాటు పెట్టడం, అంటే వేడిచేసి అతకడం కూడా కష్టం, సన్నని రేకు వేడికి కరిగిపోతుంది. అదే డబ్బుకి సన్నగా కనిపించే గట్టి గొలుసు తీసుకో. మా బల్ల మీదకి వచ్చే గొలుసుల్లో ఎక్కువభాగం మధ్యలో తెగినవి కావు, కొక్కెం పక్క లింకు దగ్గర అరిగి తెగినవే. కొక్కెం లాగేది ఆ ఒక్క లింకునే. కొన్నప్పుడే దాన్ని కాస్త దిట్టంగా వేయించమని అడుగు, పెద్ద ఖర్చు కాదు. లాకెట్ విడిగా కొను, తీసి మార్చుకునేలా ఉండాలి. గొలుసుతో కలిపి అతికినది మూడేళ్ళకి మొహం మొత్తుతుంది, అప్పుడు గొలుసుని కూడా పక్కన పెట్టేస్తావు.

దుద్దులూ గొలుసూ అయ్యేసరికి నీ లక్షన్నరలో మిగిలేది పెద్దగా ఉండదు. 2025లో పది గ్రాముల మేలిమి (24 క్యారెట్) బంగారం లక్ష దాటిన దగ్గర్నుంచి లక్షన్నర అంటే జీతానికి పెద్ద మొత్తం, నగల షాపుకి చిన్న మొత్తం. అందుకే నేను రూపాయల్లో కాక గ్రాముల్లో చెబుతున్నాను. ధర నీ చేతిలో లేదు. మజూరీ మాత్రం కొంతవరకు నీ చేతిలోనే ఉంది.

దాని లెక్క కాస్త వివరంగా చెబుతా, ఎందుకంటే అమ్మాయిలు డిజైన్ దగ్గర రెండు గంటలు కూర్చుని బిల్లు దగ్గర రెండు నిమిషాలు కూడా ఆగరు. తరుగు, మజూరీ, మేకింగ్, వీఏ ... పేరేదైనా అది బంగారం విలువ మీద శాతంగా పడే అదనం. మాటవరసకి గ్రాము పది వేలనుకో, లెక్క సులువుగా ఉంటుంది. 8 గ్రాముల మామూలు మిషన్ గొలుసు: బంగారం 80,000, తరుగు 10 శాతం అంటే 8,000. మొత్తం 88,000 మీద 3 శాతం జీఎస్టీ 2,640. కట్టేది 90,640. అదే 8 గ్రాములు యాంటిక్ పనితనంలో, తరుగు 22 శాతం: 80,000కి 17,600 కలిపి 97,600, దాని మీద పన్ను 2,928. కట్టేది 1,00,528. తేడా పదివేలకి నూటపన్నెండు రూపాయలు తక్కువ. అంటే దాదాపు ఒక గ్రాము బంగారం డబ్బు పనితనానికి పోయింది. రేపు ఈ రెండూ తీసుకెళ్ళి అమ్మితే రెండింటికీ 8 గ్రాముల విలువే కడతారు. పనితనానికి డబ్బు ఇవ్వకూడదని కాదు, మా నాన్న తిన్న కూడు అదే. ఇష్టపడి ఇవ్వు, తెలియక ఇవ్వకు. షాపు వాళ్ళు ముందు చెప్పే శాతం ఆఖరి శాతం కాదు. అడిగితే తగ్గిస్తారు, రెండు షాపుల్లో అడిగితే ఇంకాస్త తగ్గిస్తారు. కౌంటర్ వెనక నిలబడి తగ్గించినదాన్ని చెబుతున్నా, సిగ్గుపడకు.

రాళ్ళ నగైతే బిల్లులో మొత్తం బరువు, రాళ్ళ బరువు, నికర బరువు మూడూ విడివిడిగా రాయించు. రాళ్ళకి విడిగా ధర వేసి, వాటి బరువుకి బంగారం రేటు కూడా పట్టించే ఘనులు ఉన్నారు. కెంపులు, పచ్చలు అని పిలిచేవి చాలావరకు చేసిన రాళ్ళే, తిరిగి అమ్మితే వాటికి పైసా రాదు. నక్షీ (బొమ్మలు చెక్కిన పని), గుండ్లు (గుండ్రటి బంగారు పూసలు) లాంటి వాటిలో లోపల లక్క నింపుతారు. లక్క కూడా తూగుతుంది. "ఇందులో లక్క ఉందా, ఎంత తీసేశారు?" అని ఒక్కమాట అడిగితే చాలు, ఎదుటివాళ్ళు నీతో మాట్లాడే తీరు మారిపోతుంది.

హాల్‌మార్క్ సంగతి నువ్వే అడిగావు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులుండాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణం, స్వచ్ఛత, ఆ తర్వాత అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ ఆరు. స్వచ్ఛత గుర్తు 22 క్యారెట్‌కి 916, 18కి 750, 14కి 585. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే అది ఏ రకం నగ, స్వచ్ఛత ఎంత, ఏ కేంద్రంలో పరీక్ష అయిందీ వస్తుంది. నీ చేతిలో ఉన్నది ఉంగరమైతే యాప్‌లో గాజు అని వస్తే అక్కడే పెట్టేసి వచ్చేయ్. గుర్తు చాలా చిన్నగా ఉంటుంది, భూతద్దం అడుగు, ఇవ్వాలి. నగ మీద హాల్‌మార్క్ వేయించినందుకు ఒక్కోదానికి 45 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి బిల్లులో "హాల్‌మార్క్ చార్జీ" కనిపిస్తే ఎందుకని అడుగు. తర్వాత ఎప్పుడైనా స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గినంత బంగారం విలువకి రెట్టింపూ, పరీక్ష ఖర్చూ ఇవ్వాలని నిబంధన ఉంది. బిల్లు లేకపోతే ఏ నిబంధనా నీ వెనక నిలబడదు. రెండు గ్రాముల లోపు వస్తువులకి మాత్రం ఈ హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, రాళ్ళు పొదిగే కుందన్, జడావు పనికి కూడా మినహాయింపు ఉంది. ముక్కుపుడక లాంటివి తెలిసిన చోటే కొనమనేది అందుకే.

ఇంకా కొంతమంది "ఇది 916 కేడీఎం అండీ" అంటుంటారు, అదేదో అదనపు గొప్పలాగా. కేడీఎం అంటే కాడ్మియంతో మాటు పెట్టిన నగ. పాత పద్ధతిలో మాటు దగ్గర స్వచ్ఛత తగ్గేది, కాడ్మియం వచ్చాక ఆ బాధ తప్పింది. కానీ దాని పొగ పీల్చిన పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడయ్యాయి, అందుకే అది ఆగిపోయింది. మా పెదనాన్న చివరి పదేళ్ళు దగ్గుతూనే గడిపాడు. కారణం అదేనని డాక్టరు రాసివ్వలేదు గానీ, కేడీఎం అనే మాట గొప్పగా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక అమ్మ చెప్పిన హారం. అమ్మ మాట తప్పు కాదు, సమయమే తప్పు. ఇవాళ కొన్న హారం డిజైన్ పెళ్ళినాటికి నీకే నచ్చదు. అప్పుడు ఇచ్చి మార్చుకుంటే ఇవాళ కట్టిన తరుగు, పన్ను పోయి మళ్ళీ కొత్తగా తరుగు, పన్ను కట్టాలి. అమ్మకి కావలసింది హారం కాదు, పెళ్ళినాటికి నీ దగ్గర బంగారం ఉండటం. దానికి వేరే దారి ఉంది, మన పెద్దవాళ్ళదే.

కాసులపేరు ఎలా తయారయ్యేదో అమ్మమ్మనడుగు. ఒక్కరోజులో కొన్నది కాదు. పంట వచ్చినప్పుడు రెండు కాసులు, పుట్టింటికి వెళ్ళినప్పుడు ఒకటి, అలా డబ్బాలో చేరి ఒకనాటికి పేరుగా, అంటే దండగా గుచ్చేవారు. గుండ్లపేరు కూడా అంతే. ఇది నీ నెలకి ఎనిమిది వేల జీవితానికి అచ్చంగా సరిపోయే నగ. ఏడాదికోసారి నాలుగైదు గ్రాముల గుండ్లు తీసుకో. ముందు నల్లతాడుకో, పగడాల మధ్యనో నాలుగు గుచ్చి వేసుకో. ఆఫీసు కుర్తా మీదకి కూడా బాగుంటుంది. మరుసటి ఏడు ఇంకో నాలుగు. ఐదేళ్ళకి మెడ నిండా పేరవుతుంది, ఏ ఏడాదీ పెట్టెలో ఖాళీగా కూర్చోదు. ఒక్క జాగ్రత్త: లక్క గుండ్లా, ఉత్త బంగారు గుండ్లా అని అడిగి, అన్నీ ఒకే కొలతలో తీసుకో. గుండు సైజు మిల్లీమీటర్లలో బిల్లు మీద రాయించుకుంటే వచ్చే ఏడు జోడీ దొరుకుతుంది. చిన్న గుండు ఒక్కోటి రెండు గ్రాముల లోపే ఉంటుంది కాబట్టి హాల్‌మార్క్ ఉండకపోవచ్చు, నమ్మకమైన చోటు చూసుకో.

నెలనెలా షాపులో కట్టే స్కీముల గురించి రెండు మాటలు. పదకొండు నెలలే ఎందుకు పెడతారంటే, వినియోగదారు దగ్గర తీసుకున్న అడ్వాన్సుకి ఏడాది లోపు సరుకు ఇవ్వకపోతే చట్టం దాన్ని డిపాజిట్‌గా లెక్కేస్తుంది. నీకు దక్కేది సాధారణంగా తరుగులో రాయితీ. రాయితీ ఎంత శాతం వరకు, ఏ నగలకి వర్తించదు, కట్టిన నాడే గ్రాములు జమ అవుతాయా లేక చివర్లో ఆనాటి రేటా, ఈ మూడూ కాగితం మీద చూసుకో. షాపు మూతపడితే నీ డబ్బుకి బ్యాంకు డిపాజిట్‌కి ఉండే బీమా ఉండదు. నేను పనిచేసిన రోజుల్లో మా వీధిలోనే ఒక చిన్న షాపు రాత్రికి రాత్రి షట్టర్ దించేసింది. కార్డులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళలో మా పనమ్మాయి కూడా ఉంది. ఒక్క స్కీము చాలు, అది కూడా నువ్వు కొనదలచుకున్న షాపులోనే. బ్యాంకులో నాణెం కొంటే మేలు కదా అంటారు కొందరు. బ్యాంకులు నాణేలు అమ్ముతాయి, తిరిగి కొనవు, అది గుర్తుంచుకో.

పండగలకీ, పెళ్ళిళ్ళకీ మాత్రం ఏదో ఒకటి నిండుగా కావాలి, నిజమే. ఫ్రెండ్ పెళ్ళిలో సన్న గొలుసుతో పట్టుచీర కడితే బోసిగానే ఉంటుంది. దీనికి బంగారం కొనకు. వెండి మీద బంగారు పూత వేసిన బుట్టలు, ఒక నెక్లెస్ తీసుకో, 925 గుర్తు చూసి. పూత పోతే మళ్ళీ వేయించుకోవచ్చు, అడుగున వెండి విలువ ఉంటుంది, చెవికీ పడుతుంది. రాగి, ఇత్తడి మీద పూత వేసిన వన్ గ్రామ్ గోల్డ్ వేరు. ఆ పేరు చూసి అందులో గ్రాము బంగారం ఉందనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఉండదు. అలా అని దాన్ని నేను తీసిపారేయను. మచిలీపట్నం పక్క చిలకలపూడిలో ఈ పనే తరతరాల జీవనం. అక్కడి రోల్డ్ గోల్డ్ గాజులు మా అమ్మ రోజూ వేసుకునేది, అసలువి పెళ్ళిళ్ళకి తీసేది. అది చీర ఖర్చులాంటిదని తెలిసి కొనుక్కుంటే చక్కటి సరుకు. తిరిగి ఏదో వస్తుందని మాత్రం ఆశించకు. బుట్టలు బరువుగా ఉంటే మాటీలు తప్పక పెట్టు. అవి సోకు కోసం పుట్టినవి కావు, బుట్ట బరువుని జుట్టు మీదకి మోయించడానికి పుట్టినవి.

హైదరాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి ముత్యాలు. ఇది నా సొంత పిచ్చి, ముందే చెబుతున్నా. ఒక పేట సన్న ముత్యాల వరస, చిన్న ముత్యాల దుద్దులు, బంగారంలో పదో వంతు ఖర్చుకి ఆఫీసుకీ ఫంక్షన్‌కీ రెండింటికీ సరిపోతాయి. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో నాలుగు షాపులు తిరిగి చూడు. సముద్రపు ముత్యాలని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువభాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవే. అవీ అసలు ముత్యాలే, గాజుపూసలు కావు. రెండు ముత్యాలు ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దితే సన్న ఇసుక తగిలినట్టు ఉండాలి. నున్నగా జారిపోతే పూస. ముత్యం ముత్యానికీ మధ్య ముడి వేసి గుచ్చించు, తెగినా ఒకటే రాలుతుంది. సెంటు, పౌడరు అన్నీ అయ్యాక చివర్లో వేసుకుని, ఇంటికి రాగానే ముందు అవి తీయాలి. చెమటకీ, సెంటుకీ ముత్యం మెరుపు చచ్చిపోతుంది.

గాజులు నీకు ఇప్పుడు అవసరం లేదనుకుంటాను. రోజంతా ల్యాప్‌టాప్ మీద మణికట్టు ఆనించేదానికి బంగారు గాజు చిరాకు, పలచనిదైతే ఏడాదికి సొట్టపోయి కోడిగుడ్డులా అవుతుంది. కొన్ననాడు ఒక్కోటి ఎనిమిది గ్రాములకి తక్కువ కాకుండా కొను. సైజులో రెండు నాలుగు అంటే లోపలి వెడల్పు రెండుంపావు అంగుళాలు. రెండు ఆరు అంటే రెండూ, అంగుళంలో పదహారో వంతులు ఆరు. బొటనవేలి మెటిక దాటేదాన్ని బట్టి కొలత తీసుకో, సబ్బు రాసి ఎక్కించిన గాజు షాపులో సరిపోయినట్టే ఉంటుంది.

డైమండ్ విషయం. ఆ ముచ్చట తీర్చుకో, కాకపోతే మూడో మెట్టు మీద. 18 క్యారెట్‌లోనే చేయించు, 22 మెత్తన కాబట్టి రాయిని పట్టుకున్న గోళ్ళు వంగుతాయి. గనిలో తీసినదా, ల్యాబ్‌లో పెంచినదా అని అడిగి బిల్లు మీద రాయించు. రెండూ నిజం వజ్రాలే, కానీ ల్యాబ్ వజ్రం ధర కొన్నేళ్ళుగా పడుతూనే ఉంది. దాన్ని సోకుగా కొను, దాపుడు సొమ్ముగా కొనకు. నన్నడిగితే ఒంటి రాయికన్నా ఏడు రాళ్ళ కమ్మలు మేలు. మన మొహాలకి అవి తరతరాలుగా నప్పుతున్నాయి. పాతికేళ్ళ పిల్లకీ అరవై ఏళ్ళ ముసలమ్మకీ అదే అందం ఇచ్చే నగ ఇంకోటి నాకు తెలీదు.

పట్టీలు, మెట్టెలు అన్నీ వెండే కాబట్టి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకటే, పట్టీల వెండిలో కలుపు ఎక్కువ, తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళు తీసే శాతం చూసి కళ్ళు తిరుగుతాయి. ఎంత శాతం వెండో కొనేటప్పుడే అడుగు.

కొన్నవాటిని పాడు చేసుకోకపోవడం కూడా కొనడమంత పనే. బంగారానికి గోరువెచ్చని నీళ్ళలో కుంకుడుకాయ రసం, మెత్తటి పాత బ్రష్, అంతే. ముత్యాలు, లక్క నింపినవి, కుందన్ నీళ్ళలో ముంచకు. సింకులో కడిగేటప్పుడు కింద గిన్నె పెట్టు. మెరుగు పెడతామని ఇంటికి వచ్చేవాళ్ళకి ఇవ్వకు, వాళ్ళ డబ్బాలో ఉండేది బంగారాన్ని కరిగించే యాసిడ్. నగ తళతళా మెరుస్తూ నీ చేతికి వస్తుంది, రెండు గ్రాములు వాళ్ళ డబ్బాలో ఉండిపోతాయి. ఇంకోటి, మొహం తెల్లబడే క్రీములు కొన్నింట్లో పాదరసం ఉంటుంది. ఒకమ్మాయి ఉంగరం వెండిలా తెల్లబడిందని, నకిలీ అంటగట్టారని ఏడుస్తూ వచ్చింది. గీటురాయి మీద గీస్తే మంచి బంగారమే. ఆ క్రీము మానేసి డాక్టరుకి చూపించుకోమని, ఉంగరం వేడిచేయకుండా పక్కన పెట్టమని చెప్పాం. పాదరసం పొగ విషం, ఇంట్లో స్టవ్ మీద కాల్చి చూసే పని ఎప్పుడూ చేయకు.

హాస్టల్లో ఒంటి మీదవి తప్ప ఏమీ ఉంచకు. అమ్మ పేరు మీదున్న లాకర్‌కి నీ పేరు కలిపించు. లాకర్లో సొమ్ముకి దొంగతనమో, అగ్ని ప్రమాదమో జరిగినా, బ్యాంకు ఉద్యోగి మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే, ఎంత సొమ్ము పెట్టినా అంతే. బిల్లులన్నీ నీ పేరు మీదే తీసుకో, ఫోటో తీసి దాచు, కాగితం మీద అచ్చు రెండేళ్ళకి చెరిగిపోతుంది. ఒక నోటుబుక్కులో వస్తువు, బరువు, తేదీ, ఎవరి డబ్బు అని రాసుకో. పెళ్ళయ్యాక కూడా అది నీ సొమ్మే. స్త్రీధనం ఆడదానిదేనని, భర్త దగ్గర ఉంచినంత మాత్రాన ఆయనది కాదని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. అలాంటి అవసరం ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం ఆ నోటుబుక్కూ, బిల్లులూ మాట్లాడతాయి.

చివరగా, షాపుకి వెళ్ళేముందు అమ్మతో కూర్చుని ఇంట్లో పాత పెట్టె తీయించు. మా నాయనమ్మకి పలకసర్లు, అంటే పలచని బంగారు పలకలు గుచ్చిన దండలు ఉండేవి, పాత చేతిపని. 1994లో నా పెళ్ళికి వాటిని నేనే పట్టుబట్టి కరిగించాను, అప్పట్లో అందరూ వేసుకునే ఒక రాళ్ళ నెక్లెస్ కోసం. నాన్న పటకారు పట్టుకుని చాలాసేపు ఆగాడు, ఏమీ అనలేదు. ఆ నెక్లెస్ రాళ్ళు ఆరేళ్ళకే నల్లబడ్డాయి. ఆ పలకలు అంత పలచగా కొట్టే చెయ్యి ఇప్పుడు మా వీధిలో ఒక్కటీ లేదు. మీ ఇంట్లో నాను లాంటి పాత మెడ నగ, గుండ్లు, పాత కమ్మలు ఏవైనా ఉంటే హాల్‌మార్క్ కేంద్రంలో పరీక్ష చేయించి రిపోర్టు తీసుకో, కరిగించకుండా పెట్టుకునే దారి చూడు.

నీ చిన్నప్పటి కమ్మల్ని మార్పిడిలో ఇచ్చేద్దామనుకుంటున్నానని రాశావు. అవి గ్రాము, గ్రామున్నర ఉంటాయి, వచ్చే డబ్బు ఎంత? మర అరిగినదానికి కొత్త కాడ, సీల వేస్తే పది నిమిషాల పని. బాగుచేయించాక ఎక్కడ పెట్టుకోవాలంటావా, రెండో రంధ్రం కుట్టించుకునేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు కదా, పై రంధ్రానికి అవి సరిగ్గా సరిపోతాయి. ఇవ్వకు.